బాడుగవాళ్లు ఉండగానే ఇంటి పని: రెండు తుఫాను కాలాల తర్వాత

ఒంగోలులో మంగమూరు రోడ్డు వైపు మా నాన్న 1993లో కట్టించిన మిద్దె ఒకటుంది. కింద రెండు పోర్షన్లు, పైన ఒకటి, మూడూ బాడుగకే. నేనుండేది కావలిలో. ఆదివారం పొద్దున రైలెక్కి వెళ్లి మోటారు, మీటర్లు, కింది పోర్షన్ అవ్వ ఫిర్యాదులు చూసుకుని రాత్రికి తిరిగొస్తుంటాను.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వానకు పై ఇంటి వంటగదిలో స్లాబు నుంచి అరచెయ్యంత పెచ్చు ఊడి ఇడ్లీపిండి గిన్నెలో పడింది. పై ఇంట్లో ఉండేది టిఫిన్ బండి నడుపుకునే దంపతులు. "అన్నా, పిండి పోతే పోయింది, పిల్ల తల మీద పడలేదు" అని ఫోన్లో ఆ అమ్మాయి అన్నాక ఇంక వాయిదా వేయడానికి నాకు నోరు రాలేదు.

ఖాళీ చేయించి పని చేయించడం సులువే. కానీ కింద ఎడమ పోర్షన్లో అబ్బాయి పదో తరగతి, మార్చిలో పరీక్షలు. టిఫిన్ బండివాళ్లు ఆ వీధి దాటి వెళితే గిరాకీ పోతుంది. నాకేమో నెలకు 24,000 బాడుగ ఆగిపోతుంది. అందుకని ఎవర్నీ కదిలించకుండానే సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టాం. ఒక్కొక్కరికీ రెండు నెలలు సగం బాడుగే తీసుకుంటానన్నాను. మేస్త్రికి పెట్టిన షరతు ఒక్కటే: సాయంత్రం ఆరయ్యేసరికి నీళ్లు, కరెంటు, లెట్రిన్, పొయ్యి నాలుగూ మళ్లీ పనిచేయాలి. అప్పట్లో ఆ షరతు గురించి అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు అంత గొప్పగా చెప్పను. ఎందుకో చెబుతాను.

ముందు బాగా కుదిరినవి. నీళ్ల పైపులు మొత్తం పాత ఇనుపవి, లోపల తుప్పు పట్టి చిటికెన వేలు దూరేంత సందు కూడా లేదు. గోడలు చెక్కకుండా బయటి గోడ మీదుగా కొత్త సీపీవీసీ (ప్లాస్టిక్ పైపుల) లైను దింపాం. నాలుగు రోజులు పాత లైన్లో నీళ్లు వస్తూనే ఉన్నాయి, కొత్తది దాని పక్కనే తయారైంది. అయిదో రోజు మధ్యాహ్నం రెండు నుంచి ఐదున్నర దాకా ట్యాంకు వాల్వు కట్టేసి కనెక్షన్లు మార్చారు. అంతే. గోడ మీద పైపులు కనపడితే అందం పోతుందని మా ఆవిడ అంది. నిజమే, పోయింది. కానీ రెండేళ్లలో ఒకసారి ఎల్బో (పైపు మలుపు దగ్గరి ముక్క) కారితే గోడ పగలగొట్టే అవసరం లేకుండా పావుగంటలో మార్చారు.

కరెంటు పని కూడా ఇదే పద్ధతి. గోడల్లో పాత వైర్లు అలాగే ఉండనిచ్చి, పైన కేసింగ్ పట్టీల్లో కొత్త వైర్లు లాగి, ఒక్కో పోర్షన్‌ను ఒక్కో రోజు మార్చాం. ఒక్కో మీటరు దగ్గరా ఎంసీబీలతో (ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే స్విచ్చులు) పాటు 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు ఎక్కడైనా లీకైతే లైను ఆపేసే పరికరం) పెట్టించాను. పెట్టిన రాత్రి నుంచే టెన్షన్ మొదలైంది. కింద ఎవరు ఫ్యాన్ వేసినా ట్రిప్పవుతోంది. ఎలక్ట్రీషియన్ రెండు రోజులు వెతికితే అసలు సంగతి తేలింది. ముప్పై ఏళ్ల కిందట కింది రెండు పోర్షన్లకూ కలిపి ఒకే న్యూట్రల్ (కరెంటు తిరిగొచ్చే వైరు) లాగారు, అది అలాగే ఉండిపోయింది. ఒక పోర్షన్ నుంచి వెళ్లిన కరెంటు ఇంకో పోర్షన్ న్యూట్రల్లో తిరిగొస్తే ఆ పరికరం దాన్ని లీకేజీ అనుకుని ఆపేస్తుంది. న్యూట్రల్ విడదీశాక కింద సర్దుకుంది. పైన మాత్రం తెల్లారి మూడింటికి గ్రైండరు వేయగానే పడిపోయేది. "ఆ గ్రైండరు ముట్టుకుంటే ఎప్పుడూ జిల్లుమంటుంది అన్నా, అందుకే చెప్పులేసుకుని రుబ్బుతాను" అని ఆ అమ్మాయి చాలా మామూలుగా చెప్పింది. నాకు చెమటలు పట్టాయి. గ్రైండరు మోటారు బాగు చేయించడానికి 900 అయింది, నేనే ఇచ్చాను. మొత్తం పనిలో ఏ ఖర్చు వల్ల నిద్ర పట్టిందని అడిగితే నేను చూపించేది దీన్నే.

ఇక మిద్దె మీద వాటర్‌ప్రూఫింగ్. ఇది ఇంట్లోవాళ్లను పెద్దగా ఇబ్బంది పెట్టని పని, బట్టలు ఆరేయడానికి చోటుండదు, అంతే. పాచి గీకి, కడిగి, పగుళ్లు పూడ్చి, ఫైబర్ జాలీ పరిచి రెండుసార్లు పూత వేశారు. అడుగుకు 48 రూపాయల లెక్కన 1,100 అడుగులు. రెండో పూత పచ్చిగా ఉండగానే అవ్వ వడియాలు ఆరబెట్టడానికి పైకెక్కింది. ఆమె అడుగులు నాలుగు ఇప్పటికీ అక్కడున్నాయి. "నాకెవరు చెప్పారబ్బయా?" అంది. నిజమే, మగవాళ్లందరికీ చెప్పాం గానీ ఆమెకు చెప్పలేదు. 2024 వానలూ, 2025 అక్టోబరులో మొంథా తుఫాను వానా పడ్డాక వెళ్లి చూశాను. పై ఇంటి స్లాబులో ఎక్కడా చెమ్మ లేదు, ఆ అడుగుల కింద కూడా.

స్లాబు కింద పెచ్చుల పని వేరే కథ. మా ఊళ్లో బోరు నీళ్లు ఉప్పన. నాన్న కట్టించినప్పుడు కాంక్రీటు కలిపింది ఆ నీళ్లతోనే. ఉప్పుకు ఇనుము తుప్పుపడుతుంది, తుప్పుపట్టిన కమ్మీ ఉబ్బి కింది సిమెంటును తోసేస్తుంది. వదులుగా ఉన్నదంతా చెక్కి, కమ్మీలను వైరు బ్రష్‌తో రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడ్చాలి. ఈసారి కలపడానికీ తడపడానికీ మంచినీళ్ల ట్యాంకరే తెప్పించాను. చెక్కేటప్పుడు మాత్రం ఇంట్లో మనిషి ఉండకూడదు. ఎన్ని పట్టాలు కట్టినా ఆ దుమ్ము బియ్యం డబ్బాల్లోకి, పరుపుల్లోకి పోతుంది. పెచ్చులు కింది పోర్షన్లలోనూ ఉన్నాయని అప్పుడే బయటపడింది. కుడి పోర్షన్లో కొత్తగా పెళ్లయిన జంట ఉండేవాళ్లు. ఒక్క పడకగది చెక్కేసరికే ఆ అమ్మాయికి దగ్గు పట్టుకుంది. ఫిబ్రవరి ఆఖరులో ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు, గొడవ కూడా పడలేదు. అడ్వాన్సు మొత్తం తిరిగిచ్చి, ఆ నెల బాడుగ వదిలేశాను. తప్పు నాది.

విచిత్రం ఏమిటంటే, వాళ్లు వెళ్లాకే పని సాగింది. ఆ ఖాళీ పోర్షన్లోకి పైవాళ్లు పది రోజులు దిగారు. వంటగది స్లాబు తీరిగ్గా చెక్కించి, పూడ్చిన చోట వారం రోజులు తడి గోనెపట్టా ఆనించి ఉంచాం. పై బాత్రూం పాత టైల్సు తీసేసి, రెండుసార్లు వాటర్‌ప్రూఫ్ పూత వేసి, రెండు రోజులు నీళ్లు కట్టి చూశాకే టైల్సు పరిచాం. వంటగట్టుకు చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రాయి వేశాను. కొలతలిచ్చి అక్కడే కోయించి తెచ్చుకోవడం మేలు, ఇంట్లో కోస్తే ఆ పొడి పోదు. ఇవేవీ ఇప్పటిదాకా ఒక్క మాట అనిపించలేదు.

కింద ఎడమ పోర్షన్ బాత్రూం మాత్రం అప్పటికే అయిపోయింది, ఆ ఆరు గంటల షరతు మీద. అవ్వకు మోకాళ్ల నొప్పులు, కిందికి కూర్చునే లెట్రిన్ తీసి కమోడ్ పెట్టాలి. వాళ్లకున్నది ఆ ఒక్క బాత్రూమే. పగలగొడితే సాయంత్రానికి తేలదని పాత టైల్సు మీదే గమ్ము పెట్టి కొత్త టైల్సు అతికించాం. ఒక రోజు కమోడ్, ఒక రోజు నేల, ఒక రోజు గోడలు. వాటర్‌ప్రూఫ్ పూత పొద్దున వేసి మధ్యాహ్నం దాని మీద పని. నీళ్లు కట్టి చూడటమన్న మాటే లేదు. సాయంత్రం ఆరుకల్లా బాత్రూం తలుపు తాళం అవ్వ చేతికిచ్చాం, చాలా సంతోషించింది.

నేల అర అంగుళం పైన లేచింది. నీళ్లు నహానీ ట్రాప్ (నేలలో నీళ్లు పోయే జాలీ) వైపు కాకుండా గుమ్మం వైపు చూడటం మొదలైంది. తలుపు కింద కోశాం. ఎనిమిది నెలలకు పక్క పడకగది గోడ అడుగున పెయింట్ పొక్కులొచ్చింది, తర్వాత చౌడు. టైల్సు సందుల్లో గ్రౌట్ మళ్లీ పెట్టించాం, ఆరు నెలలు ఆగింది. ఇప్పుడు మంచం గోడకు జానెడు దూరం జరిపి వేసుకుంటున్నారు. మొత్తం తీసి మళ్లీ చేయడానికి మేస్త్రి 38,000 అంటున్నాడు. మొదట్లోనే ఒక పోర్షన్ రెండు నెలలు ఖాళీగా పెట్టి ఉంటే నాకు పోయేది 15,000 బాడుగ.

అందుకే, ఇలాంటి పని పెట్టుకోవాలా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇది. పాతది నడుస్తుండగా పక్కన కొత్తది తయారుచేసి చివర్లో మార్చుకోగలిగిన పని ఏదైనా, మనుషులుండగానే నిశ్చింతగా చేయించుకోవచ్చు: పైపులు, వైర్లు, ట్యాంకు, మిద్దె మీద పూత. పాతది పగలగొడితే గానీ కొత్తది మొదలుకాని పనికి, అందులోనూ సిమెంటు ఆరాల్సిన పనికి, సాయంత్రం ఆరు గంటల షరతు పెట్టొద్దు. దానికి వారం కావాలి. ఆ వారం వాళ్లు ఎక్కడుంటారో ముందు చూసి తర్వాత సుత్తి ఎత్తాలి.

నేల జోలికి పోలేదు. బేతంచర్ల బండలు, పాలిష్ పట్టించి వదిలేశాను. విట్రిఫైడ్ టైల్సు వేస్తే బాడుగ పెరుగుతుందని చాలామంది చెప్పారు. వేసవిలో ఆ బండల మీద చాప వేసుకుని పడుకునేవాళ్లను అడిగితే ఆ మాట అనరు. పెయింట్, కిటికీల సంగతి చెప్పుకోవడానికేం లేదు, అందరిళ్లలో అయినట్టే అయింది.

లెక్కల విషయంలో ఒక్క మాట. ఇన్ని బిల్లులు జాగ్రత్తగా ఫైల్లో పెట్టి ఆడిటర్ దగ్గరికి తీసుకెళితే ఆయన తెరిచి కూడా చూడలేదు. బాడుగ ఆదాయంలో మనం కట్టిన ఇంటి పన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం ఎటూ తగ్గిస్తారు, రిపేరుకు రూపాయి పెట్టినా, నాలుగు లక్షలు పెట్టినా అంతే. నాకు మొత్తం మూడు లక్షల డెబ్బై వేలు దాటింది. పెంచిన బాడుగ పోర్షన్‌కు వెయ్యి. టిఫిన్ బండివాళ్లకు ఆ వెయ్యి కూడా పెంచలేదు, ఎందుకో చేతులు రాలేదు.

అబ్బాయి పదో తరగతి బాగానే పాసయ్యాడు. చెక్కుడు మోతలో ఎలా చదివావురా అంటే గుళ్లో కూర్చుని చదివానన్నాడు. ఆ సంగతి పని జరిగేటప్పుడు నాకెవరూ చెప్పలేదు.

వచ్చే సంక్రాంతి దాటగానే కింది బాత్రూం పగలగొట్టాలి. పక్క పోర్షన్ పోయిన నెల ఖాళీ అయింది. ఇద్దరు వచ్చి అడిగి వెళ్లారు. టు లెట్ బోర్డు ఇంకా లోపలే పెట్టాను. అవ్వ మాత్రం అప్పుడే తన ట్రంకు పెట్టె అక్కడికి చేర్పించింది.