బెజవాడ ఎండల్లో పరుగు: నాలుగేళ్లు వాడిన సప్లిమెంట్ల గురించి

మే నెలలో పరుగు ముగించి ఇంటికొచ్చేసరికి నా నల్ల టీషర్టు వీపు మీద తెల్లటి చారలు కట్టి ఉంటాయి. చెమట ఆరాక మిగిలిన ఉప్పు అది. చాలాకాలం దాన్ని పట్టించుకోలేదు.

ప్రకాశం బ్యారేజీ దాటి అవతలి ఒడ్డున కరకట్ట మీద ఆదివారాలు 20, 25 కిలోమీటర్లు పరుగెత్తడం నా అలవాటు. తెల్లవారుజామున నాలుగున్నరకే బయల్దేరినా కృష్ణ పక్కన ఉక్కపోత తప్పదు. చెమట కారిపోతుంది తప్ప ఆరదు. అది ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! ఈ నాలుగు ఎండాకాలాల్లో ఎలక్ట్రోలైట్ (చెమటలో పోయే లవణాల) టాబ్లెట్లు, ఉప్పు క్యాప్సూల్స్, బీసీఏఏ (కండరాల కోసమని అమ్మే అమైనో ఆమ్లాల) పొడి, కెఫీన్ జెల్స్, మెడికల్ షాపు ఓఆర్ఎస్ అన్నీ వాడి చూశాను. వీటిలో ఇప్పుడు వేసవిలో నా సంచిలో ఓఆర్ఎస్ ఒక్కటే ఉంటుంది.

మొదటి వేసవిలో జరిగింది ముందు చెప్పాలి. ఫుల్ మారథాన్‌లో పరుగెడుతూ, ఎండదెబ్బ తగులుతుందన్న భయంతో దాహం ఉన్నా లేకపోయినా నీళ్లిచ్చే ప్రతి చోటా రెండేసి గ్లాసులు తాగాను. 32వ కిలోమీటరు దగ్గర తల బరువెక్కి వికారం మొదలైంది. అక్కడి వాలంటీరు డీహైడ్రేషన్ అనుకుని ఇంకా నీళ్లు తాగించాడు. వేలికున్న ఉంగరం బిగుసుకుపోయి తిప్పినా తిరగలేదు. ఆ సాయంత్రం రక్తపరీక్షలో సోడియం (ఉప్పులో ఉండేదే) 129 వచ్చింది. మామూలుగా 135కి తగ్గకూడదు. అంటే నాకు నీళ్లు తక్కువ కాలేదు, ఎక్కువై రక్తంలోని సోడియం పలచబడింది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరుగు ముగించిన 488 మందిని పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఇలాగే పడిపోయి ఉందని తర్వాత చదివాను.

అప్పటినుంచి తూకం మొదలుపెట్టాను. పరుగుకి ముందు ఒకసారి, వచ్చి ఒళ్లు తుడుచుకున్నాక ఇంకోసారి. ఒక మే ఆదివారం రెండు గంటల్లో 72.4 కిలోల నుంచి 70.1కి దిగాను. దారిలో తాగింది 700 మిల్లీలీటర్లు. లెక్కేస్తే గంటకి లీటరున్నర చెమట! జనవరిలో అదే దారిలో అందులో సగమే పోయింది. ఈ లెక్క తెలియకుండా ఏ డబ్బా కొన్నా గుడ్డిగా వాడినట్టే.

నీళ్లలో బుసబుసమంటూ కరిగే ఎలక్ట్రోలైట్ టాబ్లెట్లు రుచికి బాగుంటాయి. అయితే నేను వాడిన వాటిలో ఒక్కోదానికి సోడియం 300 మిల్లీగ్రాములే. నా చెమటకి అది ఏ మూలకీ చాలదు. ధర చూస్తే టాబ్లెట్‌కి 25 రూపాయల పైనే. ఉప్పు క్యాప్సూల్స్ ఖాళీ కడుపున రెండు వేసుకున్న రోజు కడుపులో తిప్పి రోడ్డు పక్కన కూర్చోవాల్సి వచ్చింది. పైగా అవి మింగుతున్నాం కదా అని నీళ్లు అతిగా తాగితే సోడియం అప్పుడూ పడిపోతుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. బీసీఏఏ ఆరు నెలలు వాడినా తేడా ఏమీ కనిపించలేదు. కెఫీన్‌తో హుషారు నిజమే గానీ, ఉక్కలో గుండె దడ ఎక్కువైంది. ఇప్పుడది చలికాలానికే.

ఇక ఓఆర్ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్యాకెట్‌ని లీటరు నీళ్లలో కలిపితే 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సోడియం సిట్రేటు ఉంటాయి. చిన్నపేగులో గ్లూకోజు, సోడియం కలిసే లోపలికి వెళ్తాయి, వాటి వెంటే నీళ్లూ వెళ్తాయి. సోడియం దాదాపు 1.7 గ్రాములు, అంటే పైన చెప్పిన టాబ్లెట్లు ఐదారింటితో సమానం. ప్యాకెట్ పాతిక రూపాయలు. లీటరు కలిపి పరుగు మొత్తం కొద్దికొద్దిగా తాగుతాను, ఆపైన దాహాన్ని బట్టి మంచినీళ్లు. అర లీటరులో మొత్తం ప్యాకెట్ గుమ్మరించకండి.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. పేరులో ఓఆర్ఎస్ ఉన్నా లోపల చక్కెర నీళ్లే ఉండే పానీయాలు ఏళ్ల తరబడి అమ్మారు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు పట్టు వదలకుండా పోరాడితే, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకుండా ఆపింది. ఆవిడకి చేతులెత్తి దండం పెట్టాలి.

ఓఆర్ఎస్ లోటు ఒకటుంది. అందులో శక్తి తక్కువ. గంట దాటితే నేను ఖర్జూరాలు, వేరుశెనగ చిక్కీ తింటాను. ఇంకో మాట, ఏప్రిల్‌లో మొదటి 10 నుంచి 14 రోజులు వేగం తగ్గించి ఒంటిని ఎండకి అలవాటు చేస్తే కలిగిన మేలు ఏ సప్లిమెంటూ చేయలేదు.

మా నాన్నగారు నాతోపాటు బ్యారేజీ దాకా నడకకి వస్తారు. ఒకరోజు నా సీసా అందుకుని తాగబోతే ఆపాను. ఆయనకి బీపీ, ఇంత ఉప్పు డాక్టర్ని అడగకుండా తాగకూడదు. ఆయన సీసా వేరే తెస్తాను, అందులో మంచినీళ్లే.