మేత కంపెనీ ఉద్యోగమా, ప్రభుత్వ సభల నిర్వహణా: ఏది మేలు?

2027లో గోదావరి పుష్కరాలు. ఆ మాట వినపడగానే మా డెల్టాలో ప్రతి రెండో మనిషికీ షామియానాలు కలలోకి వస్తున్నాయి. మా బావమరిది వాళ్లలో ఒకడు. భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో ఏరియా మేనేజరు. నేనూ పదకొండేళ్లు అదే పని చేసి, మానేసి, ఇప్పుడు ప్రభుత్వ సభలూ వేడుకలూ నిర్వహిస్తున్నాను. "ఉద్యోగం వదిలేసి మీతో వచ్చేస్తాను బావగారూ, ఏది మేలంటారు?" అని మొన్న అడిగాడు.

ముందు డబ్బు సంగతి. కంపెనీలో టార్గెట్లు ప్రాణం తీస్తాయి, నిజమే. 2025లో అమెరికా రొయ్యలు సహా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు చెరువు గట్ల మీద మాట పెగలలేదు. అయినా ఒకటో తారీఖున మావాడి జీతం వాడి ఖాతాలో పడింది. నా పనిలో ఒకటో తారీఖు అంటే టెంటు హౌస్ వాళ్లకు నేను ముఖం చాటేసే రోజు.

మేత వ్యాపారం తెలిసినవాడికి ఇది ఇట్టే అర్థమవుతుంది. డీలరు రైతుకు మేత అప్పు మీద ఇస్తాడు. వనామి రొయ్య మూడు నాలుగు నెలల్లో పట్టుబడికి వస్తుంది, తెల్లమచ్చ తెగులు తగలకపోతే బాకీ తీరుతుంది. సభ బిల్లుకు పట్టుబడి తేదీ లేదు. కార్యాలయంలో సంతకాలన్నీ అయి, ప్రభుత్వం బిల్లులు చెల్లించే ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లోకి ఎక్కినా, నిధులు విడుదలయ్యేదాకా అక్కడే ఉంటుంది. మార్చి 31 దాటిపోతే మళ్లీ మొదటికి. నా బిల్లు ఒకటి పద్నాలుగు నెలలకు వచ్చింది. చిన్న సంస్థగా కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఉద్యమ్‌లో నమోదైతే 45 రోజుల్లో చెల్లించాలనీ, ఆలస్యమైతే వడ్డీ కూడా ఇవ్వాలనీ చట్టం ఉంది. కానీ వచ్చే నెల సభ కూడా ఆ కార్యాలయం వాళ్లదే అయినప్పుడు వడ్డీ అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది? ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న.

ఖాళీ రోజులూ లెక్కలో వేసుకోవాలి. 2024లో మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. జూన్ మొదటి వారం దాకా నా కుర్చీలు గోదాములోనే ఉన్నాయి. ఇక వరద కాలం. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక వస్తే అధికారులంతా నది మధ్య లంక ఊళ్ల వైపు పరుగెత్తుతారు. వేసిన వేదిక వేసినట్టే తడుస్తుంది. పట్టిన కూలి మాత్రం ఇచ్చి తీరాలి.

కంపెనీ అనుభవం దేనికీ పనికిరాదా అంటే, సగం పనికొస్తుంది. ఖర్చు వేయడం, మనుషుల్ని పురమాయించడం, రాత్రి రెండింటికి జనరేటరు ఆగిపోతే ఎవరికి ఫోను చేయాలో తెలియడం, ఇవన్నీ మేత అమ్ముతూ నేర్చుకున్నవే. నేర్చుకోనిది ప్రోటోకాల్. డీలర్ల విందులో ఎక్కువ సరుకు ఎత్తినవాడిని ముందు వరుసలో కూర్చోబెడితే సరిపోయేది. ఇక్కడ శిలాఫలకం మీద పేరు ఒక వరుస కిందికి దిగితే సభ మొదలవకముందే అలకలు మొదలవుతాయి. ఆహ్వానపత్రం అచ్చుకు వెళ్లే ముందు నేను ముగ్గురి చేత చదివిస్తాను.

అన్నిటికంటే బరువైన తేడా వేరే ఉంది. కంపెనీలో తప్పు జరిగితే ఆ ఏడాది ఇన్సెంటివ్ పోతుంది. 2015 జులై 14న, పుష్కరాల మొదటి రోజునే, రాజమహేంద్రవరం పుష్కరఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. బారికేడ్లు ఎక్కడ పెట్టాలి, జనం లోపలికి వచ్చే దారీ బయటికి వెళ్లే దారీ ఎదురుపడకుండా ఎలా చూడాలి అన్నది అలంకారం తర్వాత ఆలోచించే విషయం కాదు. పూలదండల లెక్క బాగా తెలిసి ఈ లెక్క తెలియనివాడు ఈ పనికి రాకూడదని నా గట్టి అభిప్రాయం.

(అసలు ఈ డెల్టాలో నాకు ఆశ్చర్యం కలిగించే వేడుకకు నిర్వాహక సంస్థే లేదు. కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి వెదురుతో కట్టిన ఎత్తైన అలంకారాలు, చేలల్లోంచి, కౌశిక ఏటి నీళ్లలోంచి భుజాల మీద వస్తాయి. టెండరు ఎవరూ పిలవలేదు.)

కార్యాలయాల్లో అవుట్‌సోర్సింగ్ మీద సమన్వయకర్తగా చేరే దారీ ఉంది. చిన్న జీతం, పెద్ద చాకిరీ. ఇల్లు కట్టి అప్పు తీరుస్తున్న మావాడికి దాని గురించి చెప్పనే లేదు.

మరి ఏది మేలు? ఏడాది పాటు రూపాయి రాకపోయినా ఇల్లు గడిచే సొమ్ము చేతిలో ఉంటే నా పనే మేలు. నేను వెనక్కి వెళ్లను. మొదటిసారి నేను కట్టిన వేదిక మీద పిల్లలు స్వాతంత్ర్య దినోత్సవ నృత్యం చేస్తుంటే కలిగిన సంతోషం ఏ టార్గెట్టూ ఇవ్వలేదు. మావాడి చేతిలో ఆ సొమ్ము లేదు, పుష్కరాలు చూస్తే పన్నెండు రోజులే. వాడికి ఉద్యోగమే మేలని చెప్పి, జనవరి 26 వేడుకకు నాలుగు రోజులు వచ్చి కుర్చీలు లెక్కపెట్టమన్నాను.

సెలవు చీటీ పెట్టాడు. రాజీనామా కాగితం ఇంకా బల్ల సొరుగులోనే ఉందట.