ఈలీ యార్డులో రాత్రి: పాత గూడ్స్ ఇంజన్ల ఫొటోల కోసం నెవాడా, కాలిఫోర్నియా

యార్డులో ఎన్ని పాత ఇంజన్లున్నా, మన కోసం వాటిని నాలుగడుగులు ముందుకో వెనక్కో జరిపే మనిషి లేకపోతే రాత్రి ఫొటో కుదరదు. నెవాడాలోని ఈలీ, కాలిఫోర్నియాలోని పోర్టోలా రైల్వే మ్యూజియాలు రెండూ తిరిగొచ్చాక నాకు తేలింది ఇదే. అందుకే ఇంజన్లు తక్కువున్నా నా ఓటు ఈలీకే.

నెవాడాలోని రీనో నగరం నుంచి ఈలీకి యూఎస్ 50 హైవే మీద దాదాపు 320 మైళ్ళు. 1986లో లైఫ్ పత్రిక అమెరికాలో ఇంతకన్నా ఒంటరి రోడ్డు లేదని రాసింది. నెవాడా వాళ్ళు నొచ్చుకోకుండా ఆ మాటనే బోర్డులకెక్కించారు. ఫాలన్ దాటాక ఆస్టిన్, యురేకా తప్ప ఊళ్ళు లేవనే చెప్పాలి. ట్యాంకు సగం ఉన్నా బంకు కనిపించిన చోట నింపుకోండి. శీతాకాలంలో కనుమల మీద మంచు పడుతుంది కాబట్టి చీకటి పడేలోపు చేరేలా బయల్దేరడం మంచిది.

ఈలీ యార్డు నెవాడా నార్తర్న్ రైల్వేది. ఆ లైనుని 1905-06లో రాగి ఖనిజం కోసం వేశారు. 1983లో దగ్గర్లోని మెక్‌గిల్‌లో రాగి కరిగించే కర్మాగారం మూతపడటంతో మోయడానికి సరుకు లేకుండా పోయింది. విచిత్రంగా ఆ దురదృష్టమే ఫొటోగ్రాఫర్లకి కలిసొచ్చింది. స్టేషను, ఇంజన్ షెడ్డు, బొగ్గు నింపే కట్టడం, నీళ్ళ ట్యాంకు, అన్నీ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. 2006లో ఈ యార్డుకి జాతీయ చారిత్రక స్థలం హోదా వచ్చింది. ఏ మూల నిలబడి తీసినా ఫ్రేములోకి సెల్ టవరో గాజు మేడో చొరబడదు.

ఏటా ఫిబ్రవరిలో ఫొటోగ్రాఫర్ల కోసమే ఆవిరి బండ్లు నడుపుతారు, రాత్రి సెషన్లు కూడా పెడతారు. అంత చలిలో ఎందుకంటే, వెచ్చటి గాలిలో ఆవిరి పొగగొట్టం దాటగానే మాయమైపోతుంది. ఆరువేల అడుగుల పైన ఉన్న ఈలీ చలిలో అదే ఆవిరి తెల్లగా, దట్టంగా నిలబడుతుంది. వచ్చిన వాళ్ళలో చాలామంది ప్యాసింజర్ బండ్లు లాగిన 40వ నంబరు వెంటపడతారు. అందంగానే ఉంటుంది, కాదనను. నాకు మాత్రం 93 ఇష్టం. 1909లో ఆల్కో అనే అమెరికన్ కంపెనీ కట్టిన 2-8-0 (ముందు రెండు చిన్న చక్రాలు, తర్వాత ఇంజన్‌ని నడిపే ఎనిమిది పెద్ద చక్రాలు, వెనక ఏమీ లేవు), ఖనిజం వాగన్లు లాగిన మొద్దు ఇంజను. గూడ్స్ ఇంజన్‌కి కాస్త మసి, కాస్త నూనె మరక ఉండాలి. దానికివి రెండూ ఉన్నాయి.

రాత్రి సెషన్ ఎలా సాగుతుందో చెప్తాను. అందరూ ట్రైపాడ్లు వరసగా పెట్టుకుంటారు, ఆ గీత దాటి ముందుకెళ్ళేది ఎవరూ ఉండరు. లైట్లు చూసే ఆయన "ఓపెన్" అనగానే షట్టర్లన్నీ తెరుచుకుంటాయి. పక్కల పెట్టిన ఫ్లాష్‌లు వెలుగుతాయి, "క్లోజ్" అనగానే మూసేస్తాం. 1950ల చివర్లో ఫొటోగ్రాఫర్ ఓ. విన్‌స్టన్ లింక్ వర్జీనియా వైపు నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే బండ్లని ఫ్లాష్ బల్బుల వరసలతో తీసిన పద్ధతికి ఇది వారసత్వమే. కాకపోతే ఆయన పరిగెత్తే బండిని తీశాడు, మన ముందు ఆగి ఉన్న బండి.

ఆగి ఉన్నా తేలిక కాదు. నల్లటి ఇంజను ఎంత కాంతినైనా మింగేస్తుంది, పైనున్న ఆవిరేమో అదే కాంతికి తెల్లగా కాలిపోతుంది. ముందు ఆవిరికి సరిపడా ఎక్స్‌పోజర్ పెట్టుకుని, తర్వాత చక్రాల వైపు కింది నుంచి, పక్క నుంచి వెలుగు పెంచాలి. ఎదుటి నుంచి ఫ్లాష్ కొడితే ఇంజను రేకు ముక్కలా చదునైపోతుంది. ఒట్టి లాంగ్ ఎక్స్‌పోజర్‌లో ఆవిరి దూదిలా పరుచుకుంటుంది, దానికి ఆకారం ఇచ్చేది ఫ్లాషే. చక్రాలని కలిపే రాడ్లు కిందికి ఉన్నప్పుడే ఇంజను నిండుగా కనిపిస్తుంది. ఇక్కడే ఈలీ సిబ్బంది విలువ తెలుస్తుంది. అడగ్గానే ఇంజన్‌ని కొద్దిగా జరిపి రాడ్లు దించారు, హెడ్‌లైట్ తగ్గించారు, సరిగ్గా షట్టర్ తెరిచే వేళకి ఆవిరి వదిలారు.

ఆవిరి హడావుడి సద్దుమణిగాక ఆల్కో డీజిళ్ళు 105, 109 దగ్గరికెళ్ళండి. అటు ఎవరూ రారు. మన రైల్వేల డీజిల్ ఇంజను డబ్ల్యూడీఎం-2 కూడా ఆల్కో నమూనానే కదా, ఆ పొడవాటి ముక్కు ఎక్కడో చూసినట్టే అనిపిస్తుంది. ఐఎస్ఓ 200, ఎఫ్ 8, అర నిమిషం షట్టర్, చేతిలో టార్చితో నడుస్తూ ఇంజను మీద వెలుగు పూత పూయడం. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఫోకస్ మాత్రం నంబరు మీద టార్చి వేసి చేత్తో కుదుర్చుకుని, రింగుకి టేపు అంటించేయండి.

బసకి రైల్వే వాళ్ళే పాత గార్డు పెట్టెలు అద్దెకిస్తారు. ఇరుకే, కానీ యార్డులోనే పడక. ఊళ్ళో నేను దిగిన మోటెల్ గది విశాలంగా ఉంది గానీ, తెల్లవారుజామున పడుకున్నవాణ్ణి ఉదయం పదికల్లా ఖాళీ చేయమన్నారు, గంట కూడా పొడిగించలేదు. రాత్రి పని చేసేవాళ్ళకి గార్డు పెట్టే నయం. ఎక్కడ దిగినా కెమెరాని బయటే సంచీలో మూసి లోపలికి తేవాలి, లేదంటే వెచ్చటి గదిలో లెన్సు లోపలి దాకా చెమ్మ పడుతుంది. బ్యాటరీలు జేబులో, ఒంటికి ఆనించి ఉంచుకోండి.

ఇక పోర్టోలా. రీనోకి గంటన్నర లోపే. అక్కడి వెస్టర్న్ పసిఫిక్ రైల్వే మ్యూజియంలో డీజిళ్ళే ప్రధానం. వాటిలో రాజు యూనియన్ పసిఫిక్ రైల్వే వాళ్ళ డీడీఏ40ఎక్స్ రకం ఇంజను, నంబరు 6946. ఈ రకం ఇంజన్లు 1969-71 మధ్య కట్టినవి 47, ఒక్కోటి 98 అడుగుల పొడవు, 6,600 హార్స్‌పవర్. అంత పొడవునా సమానంగా వెలుగు పంచాలంటే ఒక్క టార్చితో అయ్యే పని కాదు, ఇద్దరు కావాలి. మ్యూజియం తెరిచేది పగటిపూట, అదీ సీజన్‌లోనే. రాత్రి కావాలంటే ముందే రాసి అనుమతి తీసుకోవాలి. పక్కనే మెయిన్ లైను, దాని మీద వెళ్ళే గూడ్స్ హెడ్‌లైట్ పడితే ఆ ఎక్స్‌పోజర్ పోయినట్టే. డీజిల్ పిచ్చి ఉన్నవాళ్ళు వెళ్ళాల్సిందే, కేవలం రాత్రి ఫొటోల కోసమైతే రెండో ప్రయాణానికి దాచుకోండి.

ఈలీలో ఫిబ్రవరి టికెట్లు పరిమితం. కొనే ముందు ఆ వారం ఏ ఇంజను నిప్పు మీద ఉంటుందో అడిగి తెలుసుకోండి. అక్కడి నిబంధనల ప్రకారం 1,472 సర్వీసు రోజులకి, లేదా 15 ఏళ్ళకి, ఏది ముందైతే దానికి, బాయిలర్ విప్పి పూర్తిగా తనిఖీ చేయాలి. ఆ పనిలో పడ్డ ఇంజను నెలల తరబడి షెడ్డు దాటదు.