డిస్కవరీ పార్క్, సియాటిల్: కట్టకుండా ఉంచిన 534 ఎకరాలు

మా అమ్మాయి దగ్గరికొచ్చి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో డిస్కవరీ పార్కుకి పదకొండుసార్లు వెళ్లాను. మొదటిసారి అమ్మాయి కారులో తీసుకెళ్లింది. తర్వాతంతా డౌన్‌టౌన్ నుంచి 33వ నంబరు బస్సే. పార్కులోకి టికెట్టు లేదు. లోపల తినడానికి ఏమీ దొరకదు కాబట్టి పులిహోర డబ్బా, మంచినీళ్లు మనమే పట్టుకెళ్లాలి.

నేను మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్‌లో ముప్పయ్యేళ్లు చేసి రిటైరైనవాణ్ని. ఏ ఊళ్లో పార్కుకి వెళ్లినా పూలమొక్కలకన్నా ముందు నా కళ్లు కట్టడాల కోసం వెతుకుతాయి. ఎంత కట్టారు, ఎంత మిగిల్చారు అని. ఇక్కడ 534 ఎకరాలు, అదీ మహానగరంలో, చుట్టూ ఇళ్లో నీళ్లో ఉన్నచోట. చుట్టూ తిరిగే దారి నాలుగున్నర కిలోమీటర్ల దాకా ఉంటుంది. చెట్ల కిందనుంచి నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా పెద్ద గడ్డిమైదానంలోకి వస్తాం. ఎదురుగా సముద్రపు పాయ, దాని వెనక మంచుకప్పుకున్న ఒలింపిక్ కొండలు. అక్కడ ఒక బల్ల ఉంది. మొదటిరోజు దానిమీద గంటసేపు కూర్చున్నాను. అమ్మాయి 'నాన్నా, వెళ్దామా' అని మూడుసార్లు అడిగింది.

ఈ నేల చరిత్ర తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. 1898లో ఊరివాళ్లే ఈ స్థలాన్ని సైన్యానికి ఉచితంగా ఇచ్చారు. ఫోర్ట్ లాటన్ అని సైనిక స్థావరం వెలిసింది. 1938లో సైన్యం ఒక్క డాలరుకి తిరిగి ఇచ్చేస్తామంటే, నిర్వహణ ఖర్చు భరించలేమని నగరం వద్దంది! ఆ రోజుల్లో ఆ కుర్చీలో నేనున్నా అదే నోట్ పెట్టేవాణ్నేమో. తర్వాత 1960ల చివర్లో ఇక్కడ క్షిపణి స్థావరం పెడతారన్న మాట వచ్చేసరికి జనం కదిలారు. అది ఆగింది. సైన్యానికి అక్కర్లేని భూమిని పార్కులకు ఉచితంగా ఇచ్చేందుకు వీలుగా చట్టం వచ్చింది, సెనేటర్ హెన్రీ జాక్సన్ దానికోసం పట్టుబట్టారు.

అయితే 'జనం' అన్నప్పుడు ఎవరు అన్న ప్రశ్న ఇక్కడ కూడా వచ్చింది. 1970 మార్చిలో బెర్నీ వైట్‌బేర్ నాయకత్వంలో ఆదివాసులు కంచెలెక్కి లోపలికి వచ్చారు, ఈ నేల ముందు మాది అన్నారు. అరెస్టులు జరిగాయి, మళ్లీ వచ్చారు. చివరికి 20 ఎకరాలు 99 ఏళ్ల లీజుకి వాళ్లకు దక్కాయి. 1977లో అక్కడ డేబ్రేక్ స్టార్ అనే సాంస్కృతిక కేంద్రం కట్టుకున్నారు. పార్కుకెళ్లినవాళ్లు బీచి చూసి తిరిగొచ్చేస్తుంటారు. అలా చేయకండి, అక్కడికి కూడా వెళ్లండి.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చింది మాస్టర్ ప్లాన్. 1972లో డాన్ కైలీ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు ఆధ్వర్యంలో తయారైంది, 1974లో సవరించారు. మాస్టర్ ప్లాన్లు నేను బోలెడు చూశాను, రంగుల మ్యాపులు, పట్టికలు. ఈ ప్లాను మాత్రం ఈ పార్కు ఎందుకో ముందు చెప్పింది: నగరపు గోలనుంచి జనం తప్పించుకుని ప్రశాంతంగా, ఏకాంతంగా ప్రకృతి దగ్గర ఉండడానికి. ముందుముందు అది కట్టండి, ఇది కట్టండి అని ఒత్తిళ్లు వస్తాయని కూడా అప్పుడే హెచ్చరించింది. వచ్చాయి. గోల్ఫ్ మైదానం కావాలన్నారు, జనం కాదన్నారు. ఆ ప్లానుకి కాపలా కాయడానికే 'ఫ్రెండ్స్ ఆఫ్ డిస్కవరీ పార్క్' అనే సంఘం ఉంది. మూడు దశాబ్దాలు దాటాక కూడా, లోపల మిగిలిపోయిన సైనిక కుటుంబాల ఇళ్లను కొన్నిటిని నగరం కొని, కూల్చి, మళ్లీ పచ్చిక చేసింది.

ఇక్కడ మా ఊరి సంగతి చెప్పాలి. ఊరి పేరు రాయను. ఇళ్ల లేఅవుట్లో పది శాతం ఖాళీ స్థలం, మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ (దానపత్రం) చేసి మరీ ఇచ్చింది. మొదట ఓవర్‌హెడ్ ట్యాంకు వచ్చింది. నాలుగేళ్లకు అంగన్‌వాడీ, ఆ తర్వాత కమ్యూనిటీ హాలు. ఏదీ చెడ్డ పని కాదు. ప్రతిదానికీ అవసరం ఉంది, ఫైలు ఉంది, తీర్మానం ఉంది. వాటిలో కొన్నిటి మీద నా సంతకం కూడా ఉంది. చివరికి పిల్లలకు మిగిలింది ట్యాంకు కింద నీడ. ఆ ఖాళీ దేనికో ఒక్క వాక్యం ఎక్కడా రాసి లేదు. ఆ వీధివాళ్లని పిలిచి మేం అడగనూ లేదు. గడ్డిమైదానం ముందు ఆ బల్లమీద కూర్చున్నప్పుడల్లా నాకు ఆ ట్యాంకే గుర్తొస్తుంది.

రెండు శనివారాలు ఇక్కడ వాలంటీర్లతో పనిచేశాను. 2005లో నగరం గ్రీన్ సియాటిల్ పార్ట్‌నర్‌షిప్ అని ఇరవయ్యేళ్ల పని మొదలుపెట్టింది, 2,500 ఎకరాల అడవి పార్కుల్ని బాగుచేయడానికి. ఎందుకంటే పాత అడవి నరికేశాక లేచిన మేపుల్, ఆల్డర్ చెట్లకు వయసైపోతోంది. అవి పడిపోతే కింద కొత్తవి లేవాలి కదా, ఐవీ తీగ, బ్లాక్‌బెర్రీ ముళ్లపొదలు లేవనివ్వవు. వాటిని పీకి, సీడర్, ఫర్ మొక్కలు పెట్టి, చుట్టూ చెక్కపొట్టు పరుస్తాం. గునపం పట్టుకునే తీరు చూసి నాపక్కనున్న పెద్దావిడ, వ్యవసాయం చేశారా అని అడిగింది. మా నాన్న చేశారన్నాను. ఆ ప్లాను ఎవరైనా చదువుతారా అని నేనడిగితే, కొత్త ప్రతిపాదన వచ్చినప్పుడల్లా పార్కు ఎందుకో రాసిన ఆ పేజీ పట్టుకునే మీటింగుకి వెళ్తామంది.

వచ్చేవాళ్లకు కొన్ని మాటలు. బీచి దాకా దిగడం తేలికే, ఎక్కడం మోకాళ్లకు కష్టం. పెద్దవాళ్లూ, చంటిపిల్లలున్నవాళ్లూ, నడవలేనివాళ్లూ కిందే కారు పెట్టుకునేందుకు పర్మిట్ ఉంది, విజిటర్ సెంటర్లో అడగండి. కింద వెస్ట్ పాయింట్ దగ్గర 1881 నాటి లైట్‌హౌస్ ఉంది. దాని పక్కనే 1966 నుంచి నడుస్తున్న మురుగునీటి శుద్ధి కేంద్రం. బీచిలోకి కుక్కల్ని రానివ్వరు. వానకోటు తప్పనిసరి. నేను అయిదుకు అయిదు ఇస్తున్నాను.

తిరుగు ప్రయాణం వచ్చే నెల పద్నాలుగున. ఆ ప్లాను మొదటి పేజీ అమ్మాయి చేత ప్రింటు తీయించాను. తెలుగు చేసి మా కాలనీ సంఘం మీటింగులో చదువుతాను. ఇంకో వీధిలో 900 గజాలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.