రొమేనియా ఇంటిపేరు బల్గేరియాదా? ఏ గుర్తును నమ్మడం మేలు?

1994 ప్రపంచకప్ ఫుట్‌బాల్ చూసినవాళ్లకు బల్గేరియా స్టోయిచ్‌కోవ్ గుర్తుండే ఉంటాడు. డాన్యూబ్ నది దాటి రొమేనియాలో అడుగుపెడితే స్టోయికా అనే ఇంటిపేరు తరచూ వినిపిస్తుంది. రెండూ ఒకే స్లావిక్ (బల్గేరియన్, రష్యన్, సెర్బియన్ లాంటి భాషల కుటుంబం) ధాతువు నుంచి పుట్టినవే, అర్థం 'నిలవడం'. బిడ్డ బతికి నిలవాలని పెట్టుకున్న పేరు అది. మన పెంటయ్య పేరు వెనక ఉన్న భయమే అక్కడా ఉంది.

మరి స్టోయికాల తాతముత్తాతలంతా బల్గేరియా వాళ్లేనా? తేల్చుకోవడానికి మూడు దారులున్నాయి: పేరు అర్థం చూడొచ్చు, చివరి తోక చూడొచ్చు, కుటుంబం ఏ ఊరిదో చూడొచ్చు.

అర్థం చూసి తీర్పు చెప్పడం తేలిక. పప్పులో కాలేసేదీ అక్కడే. రొమేనియన్లు ఉండే పాత రాజ్యాలు వలాకియా, మోల్దావియాల్లో శతాబ్దాల పాటు చర్చిలోనూ దర్బారులోనూ స్లావోనిక్ అనే పాత స్లావిక్ భాషే నడిచింది. దాంతో రాదు, స్టాన్, ద్రాగోమిర్ లాంటి పేర్లు ఇంట్లో రొమేనియన్ తప్ప మరో మాట రానివాళ్లకీ అంటుకున్నాయి. 1521లో వలాకియాలోని కింపులుంగ్ ఊరి నుంచి న్యాక్షు అనే ఆయన బ్రషోవ్ నగర పెద్దకి ఉత్తరం రాశాడు, ఒట్టోమన్ సైన్యం కదులుతోంది జాగ్రత్త అని. రొమేనియన్‌లో ఇప్పటికి దొరికిన రాతల్లో, తేదీ తేలినవాటిలో అదే పాతది. లిపి సిరిలిక్. మర్యాదగా పలకరించేది స్లావోనిక్‌లో, అసలు కబురు రొమేనియన్‌లో. రాసినాయన పేరు కూడా స్లావిక్ పేరే! అంతమాత్రాన ఆయన్ని బల్గేరియన్ అనేస్తామా? పోపెస్కు అనే ఇంటిపేరు సంగతీ ఇంతే. 'పోపా' అంటే పూజారి, అది స్లావిక్ మాట. ఆ పేరు చెప్పేది ముత్తాత చేసిన పని గురించి, ఆయన జాతి గురించి కాదు.

తోక కాస్త నయం. చివర బల్గేరియన్ ఇంటిపేర్లలో ఉండే 'ఓవ్' ఉంటే అనుమానించడానికి కారణం ఉన్నట్టే. కానీ తోక కత్తిరించడం ఎంతసేపు? పెట్రోవ్ కాస్తా రొమేనియన్ తోకతో పెట్రెస్కు అయితే ఆనవాలే మిగలదు. పైగా ముంత్యాను అనే రొమేనియన్ ఇంటిపేరులో ముందుభాగం లాటిన్ నుంచి వచ్చిన 'కొండ', చివరి ముక్క స్లావిక్ ప్రత్యయం. దీన్ని ఎవరి ఖాతాలో వేస్తాం?

ఇంకో తిరకాసు సర్బు అనే ఇంటిపేరు. మాటకి అర్థం సెర్బియావాడు. కానీ వలాకియాలో బల్గేరియా నుంచి వచ్చి కూరగాయలు పండించేవాళ్లని కూడా జనం సర్బులనే పిలిచేవాళ్లు.

నన్నడిగితే ముందు ఊరు, వచ్చిన ఏడాది చూడాలి. పశ్చిమ రొమేనియాలోని బనాత్ ప్రాంతంలో దుదెష్టి వెకి 1738లో, వింగా 1741లో బల్గేరియన్ క్యాథలిక్కులు వచ్చి స్థిరపడిన ఊళ్లు. 1828–29 రష్యా–టర్కీ యుద్ధం తర్వాత కూడా చాలామంది బల్గేరియన్లు డాన్యూబ్ దాటొచ్చారు. అలాంటి ఊళ్ల చర్చి రికార్డుల్లో ముత్తాత పేరు దొరికితే ఇంటిపేరు ఎలా మారినా ఫర్వాలేదు.

కవి పనాయిత్ చెర్నా సంగతే చూడండి. 1881లో నల్లసముద్రం పక్కనున్న దోబ్రుజా ప్రాంతంలో చెర్నా అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి బల్గేరియన్, పుట్టినప్పటి ఇంటిపేరులో ఓవ్ తోక ఉంది. రొమేనియన్‌లో కవిత్వం రాస్తూ అది వదిలేసి ఊరి పేరు పెట్టుకున్నాడు. ఆ ఊరి పేరూ స్లావిక్ మాటే, 'నలుపు' అని.