షుగర్ వల్ల రెటీనాలో నీరు చేరితే ఏ ఇంజెక్షన్ మేలు?

కంటి వెనక పొర రెటీనాను చూపే ఓసీటీ స్కాన్ చూసి డాక్టరు "రెటీనాలో నీరు చేరిందండీ, ఇంజెక్షన్ వేయాలి" అంటారు. బయటికొచ్చాక కౌన్సెలర్ మూడు నాలుగు మందుల పేర్లు, పక్కనే వాటి రేట్లు రాసిన కాగితం చేతికిస్తారు. ఒకదానికీ ఇంకోదానికీ వేలల్లో తేడా. ఖరీదైనది వేయించకపోతే నాన్న చూపు పోతుందేమోనని కొడుక్కి టెన్షన్, తన వల్ల కొడుకు అప్పులపాలవుతాడేమోనని తండ్రికి టెన్షన్.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రేటు కన్నా ముందు చూడాల్సినవి రెండున్నాయి. ఇప్పుడు చూపు ఎంత ఉంది? ఏడాది పొడవునా, పిలిచినప్పుడల్లా ఆస్పత్రికి రాగలరా?

షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పితే రెటీనాలోని సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. ఆక్సిజన్ సరిగా అందని రెటీనా వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది, దాంతో ఆ నాళాల నుంచి నీరు ఊరడం ఇంకా పెరుగుతుంది. అది మధ్యనుండే మాక్యులాలో చేరితే అక్షరాలు మసకబారతాయి, తిన్నటి గీతలు వంకరగా కనిపిస్తాయి. అవాస్టిన్, రానిబిజుమాబ్, ఐలియా మూడూ ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే మందులే.

జనానికి ఎక్కువ అనుమానం అవాస్టిన్ మీదే. "అది క్యాన్సర్ మందట కదా?" అని అడుగుతారు. నిజమే, అమెరికాలో 2004లో దానికి అనుమతి వచ్చింది పెద్దపేగు క్యాన్సర్‌కే. 2005 నుంచి కంటి డాక్టర్లు దాన్ని అతి చిన్న మోతాదులో కంట్లో వేయడం మొదలుపెట్టారు. అవాస్టిన్ తెచ్చిన జెనెన్‌టెక్ కంపెనీయే కంటి కోసం తయారుచేసిన రానిబిజుమాబ్ 2006లో లూసెంటిస్ పేరుతో వచ్చింది. రెండింటికీ మూలం ఒకే యాంటీబాడీ. అయినా అమెరికాలో లూసెంటిస్ డోసు సుమారు 2000 డాలర్లుంటే, అవాస్టిన్ 50 డాలర్ల దగ్గర ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో కంటి జబ్బులకు అవాస్టిన్‌ను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. కాబట్టి చౌకది వేయించుకుంటున్నామని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. మన దేశంలో 2015లో ఇంటాస్ కంపెనీ రజుమాబ్ పేరుతో రానిబిజుమాబ్‌కు దేశీ రూపం తెచ్చాక ఆ మందు కూడా కొంత అందుబాటులోకి వచ్చింది.

మరి పనితనం? 2015లో ఫలితాలు వెలువడిన ఒక అమెరికా పరీక్షలో ఇలాంటి నీరు చేరిన 660 మందికి ఈ మూడు మందులూ ఇచ్చి పోల్చారు. మొదట్లో చూపు దాదాపు 6/12 (మామూలు చూపున్నవాళ్లు 12 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం) లేదా అంతకన్నా మెరుగ్గా ఉన్నవాళ్లలో మూడింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకన్నా తగ్గినవాళ్లలో మాత్రం ఏడాది తిరిగేసరికి ఐలియా తీసుకున్నవాళ్లు చూపు పరీక్షించే చార్టులో మొదటికన్నా సగటున 19 అక్షరాలు ఎక్కువ చదవగలిగారు, రానిబిజుమాబ్‌తో 14, అవాస్టిన్‌తో 12. ఆ చార్టులో వరుసకు ఐదక్షరాలు. రెండో ఏడాది చివరికి ఐలియాకూ రానిబిజుమాబ్‌కూ మధ్య తేడా పోయింది, అవాస్టిన్ మాత్రం ఇంకా కొంత వెనకే ఉంది.

అందుకని చూపు పెద్దగా తగ్గకపోతే అవాస్టిన్‌తోనో రజుమాబ్‌తోనో ధైర్యంగా మొదలుపెట్టొచ్చు. బాగా తగ్గితే, భరించగలిగితే ఐలియా మేలు. భరించలేకపోతే? దానికీ జవాబుంది. చూపు తగ్గినవాళ్లకు ముందు అవాస్టిన్ ఇచ్చి, సరిపోకపోతే ఐలియాకు మార్చే పద్ధతిని, మొదటి నుంచీ ఐలియా ఇవ్వడంతో పోల్చిన పరీక్ష 2022లో వచ్చింది. రెండేళ్లకు చూపులో తేడా లేదు. అయితే మొదటి పద్ధతిలో సుమారు 70 శాతం కళ్లకు మందు మార్చాల్సి వచ్చింది. అంటే చౌకదానితో మొదలుపెట్టి ఊరుకుంటే కుదరదు, మధ్యమధ్యలో స్కాన్ చేయించి తగ్గుతోందో లేదో చూడాల్సిందే.

అవాస్టిన్‌తో అసలు భయం మందులో లేదు, పంచడంలో ఉంది. 4 మిల్లీలీటర్ల సీసా ఒక్కటి తెచ్చి, కంటికి 0.05 మిల్లీలీటర్ల చొప్పున చాలామందికి సర్దుతారు. ఆ సర్దడంలో శుభ్రత తప్పితే ఆ సీసా మందు తీసుకున్న అందరి కళ్లకూ ప్రమాదమే. "మందు ఎక్కడ, ఎలా విడదీస్తారు? ఏ రోజు విడదీసింది?" అని తప్పకుండా అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

సూది అనగానే వణికిపోయేవాళ్ల కోసం ఒక మాట. మత్తు చుక్కలు వేస్తారు, అయోడిన్ ద్రావణంతో కన్ను కడుగుతారు (కాస్త మండేది అదే), రెప్పలు మూతపడకుండా క్లిప్పు పెడతారు. నల్లగుడ్డు అంచు నుంచి మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల దూరంలో, తెల్లగుడ్డులోంచి సన్నటి సూది దిగుతుంది. కొద్ది సెకన్లలో అయిపోతుంది. తర్వాత వేళ్లు చూపించి ఎన్ని అని అడుగుతారు. ఒకటి రెండు రోజులు నల్లటి బుడగలు తేలుతున్నట్టు కనిపించినా కంగారు వద్దు. కానీ తర్వాతి రోజుల్లో నొప్పి, ఎరుపు పెరిగి చూపు తగ్గితే తెల్లారేదాకా ఆగకుండా వెళ్లాలి.

ఇంకో దారి ఓజర్డెక్స్, కంట్లో పెట్టే స్టెరాయిడ్ ముక్క; అది మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది. ఈమధ్యే గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు, శుక్లం ఆపరేషన్ అయిపోయినవాళ్లకు డాక్టర్లు దీనివైపు మొగ్గుతారు. కంట్లో ప్రెషర్ పెరుగుతుంది, శుక్లం ముదురుతుంది, అందుకే గ్లకోమా ఉన్నవాళ్లకు తగదు. కొత్తగా వచ్చిన ఫారిసిమాబ్ అయితే, పరీక్షల్లో ఏడాదికల్లా సగానికి పైగా మందికి ఇంజెక్షన్‌కూ ఇంజెక్షన్‌కూ మధ్య 16 వారాల ఎడం దొరికింది. దూరాభారం ఉన్నవాళ్లకు మంచిదే, రేటే అడ్డు.

నన్ను బాధపెట్టేది మధ్యలో మానేయడం. ఇందాకటి 660 మంది పరీక్షలో మొదటి ఏడాది తొమ్మిది పది ఇంజెక్షన్లు పట్టాయి, రెండో ఏడాది ఐదారు. ఒక్క ఖరీదైన డోసు వేయించుకుని, చూపు కాస్త తేటపడగానే ఆగిపోతే నీరు మళ్లీ చేరుతుంది. రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టే దశలోనైతే ఇది ఇంకా ప్రమాదం. వరసగా రాలేనివాళ్లు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి, ఆ దశలో ఇంజెక్షన్ల కన్నా లేజరే వాళ్లకు భద్రం.

ఆరోగ్య బీమా ఉంటే ఒకటి గమనించండి. కంటిలోపలి ఇంజెక్షన్లను పాలసీ నుంచి మినహాయించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో చెప్పింది, కంపెనీలు పరిమితి మాత్రం పెట్టుకోవచ్చు. మీ పాలసీలో ఆ పరిమితి ఎంతుందో చూసి, ఒక్క డోసుకు కాకుండా ఏడాది మొత్తానికి ఖర్చు లెక్కేసుకున్నాకే కౌన్సెలర్ ఇచ్చిన కాగితం మీద టిక్కు పెట్టండి.