ఎముక సాంద్రత కొలతకు డెక్సా, క్యూసీటీ

డెక్సా అనే ఎక్స్-రే పరీక్ష ఎముక ఖనిజాన్ని చదరపు సెంటీమీటరుకు గ్రాములలో కొలుస్తుంది. సీటీ స్కాన్‌తో చేసే క్యూసీటీ పరీక్ష లోతును కూడా లెక్కలోకి తీసుకొని ఘన సెంటీమీటరుకు మిల్లీగ్రాములలో కొలుస్తుంది. పిల్లల విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం: ఎముకలు చిన్నవి కావడం వల్లనే డెక్సాలో సాంద్రత తక్కువగా కనిపించవచ్చు కనుక, ఎత్తును పరిగణించకుండా ఆ అంకెతోనే ఎదిగే బిడ్డకు ఎముకల జబ్బు ఉందని తేల్చడం అన్యాయం. వృద్ధులలో వెన్నుపూసల అరుగుదలతో పెరిగే అదనపు ఎముక డెక్సా ఫలితాన్ని ఎక్కువ చేసి చూపుతుంది. మెనోపాజ్ తర్వాత త్వరగా క్షీణించే లోపలి స్పాంజి ఎముకను క్యూసీటీ విడిగా కొలవగలదు. అయితే దాని రేడియేషన్ మోతాదు చాలా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ఎముకల బోలుతనాన్ని (ఆస్టియోపొరోసిస్) గుర్తించేందుకు ప్రకటించిన మైనస్ 2.5 టీ-స్కోరు (ఆరోగ్యవంతులైన యువతీయువకుల సగటుతో పోల్చే అంకె) హద్దు వెన్నెముక క్యూసీటీకి వర్తించదు. అందుకే ఏళ్ల తరబడి పదేపదే కొలవవలసిన పరిశోధనలకు డెక్సానే మేలని నా అభిప్రాయం.